ఊఁ బొత్తాం

ఆ ఉదయం డిటెక్టివ్ గురునాథరావు ఇంట్లోంచి బయల్దేరబోతుంటే భార్య రామలక్ష్మమ్మ ఏదో చెప్పింది. ఆయన పేపరు చూస్తూ "ఊఁ" అన్నాడు. పేపర్లో ఆయన ఫొటో పడింది. ఫొటో పడిన రోజున ఏ మగవాడికీ చెవులు పనిచెయ్యవని పాతికేళ్ల కాపురంలో తెలుసుకున్న మనిషి కాబట్టి ఆవిడ రెండోసారి చెప్పలేదు. చెప్పదలుచుకున్నదాన్ని ఆయన చేతిసంచిలో కుక్కి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఫొటో కింద పెద్దక్షరాల్లో ఉంది: "యంత్రం అబద్ధం చెప్పదు! రొయ్యల ఫ్యాక్టరీ హత్యకేసును ఒక్క పూటలో తేల్చిన ప్రైవేటు డిటెక్టివ్."

ఆ సంబరం ఫిషింగ్ హార్బరు పక్కనున్న ఫ్యాక్టరీ గేటు దాకానే నిలిచింది. గేటు పక్కన ఒకావిడ గొంతుక్కూర్చుని ఉంది. అసిరమ్మ. నాలుగు రోజుల క్రితం ఫ్యాక్టరీలో రెండో నంబరు ఫ్రీజింగ్ గదిలో గడ్డకట్టి చచ్చిపోయిన ఫిట్టరు జగ్గయ్య భార్య. చంపాడని నిన్న అరెస్టయిన వరహాలుకి తోడబుట్టిన అప్ప.

"పేపర్ల బొమ్మ మీదేనా బాబూ?" అందావిడ లేవకుండానే.

"నాదే."

"నా తమ్ముడు నా మొగుణ్ని సంపీసినాడని సెప్పింది మీరేనా?"

"నేను కాదమ్మా. యంత్రం చెప్పింది."

"యంత్రానికి నోరెక్కడిది బాబూ, మీరుండగా?" అంది అసిరమ్మ. ఆ మాటలో వెటకారమేమీ లేదు. అందుకే ఎక్కువ తగిలింది. "నిన్న టేసన్ల సూసొచ్చినాను. సంపితే సంపీసినానని సెప్పాల. లేదంటే లేదనాల. ఏటీ అనడు. నా మొకం సూడ్డు. తలకాయ ఒంచీసుకుని కూకున్నాడు. మొగుడెలాగూ పోనాడు, ఆడూ పోతే నాకెవులున్నారు? నిజమేటో మీరైనా అడగండి."

"అడుగుతాను."

"మేనేజరు బాబొక్కడే మంచోడు. మర్నాడే ఇంటికొచ్చి పలకరించినాడు. మంచం కింద కంపెనీ ఇనప సామానేదో ఉందంటే అందులో ఒకటి ఆయనే మోసుకెళ్లినాడు."

"ఊఁ," అన్నాడు గురునాథరావు, గేటు లోపలికి చూస్తూ.

లోపల ఫ్రీజింగ్ గదుల ముందు సర్కిలు ఇన్స్పెక్టరు మొహియుద్దీన్ నిలబడి ఉన్నాడు. పాతపట్నం మనిషి. మీసం దువ్వడం, అవతలివాణ్ణి దువ్వకుండా గోకడం ఆయన అలవాట్లు. పక్కన ఫ్యాక్టరీ మేనేజరు శ్రీరామ్మూర్తి, తెల్ల చొక్కా, చేతిలో తాళాల గుత్తి.

"రండి రండి, హీరోగారూ," అన్నాడు మొహియుద్దీన్. "మీ యంత్రం సాక్ష్యం నమ్మి నిన్న ఓ మనిషికి తాడు కట్టాను. సాయంత్రం నాలుగింటికి కోర్టులో పెట్టాలి. పెట్టేముందు మీ కథ ఇంకోసారి చెప్పండి. రాత్రంతా నాకు అరగలేదు."

గురునాథరావు చెప్పాడు. నిన్న ఎంత ధీమాగా చెప్పాడో ఇవాళా అంత ధీమాగానే మొదలుపెట్టాడు. ఏడాది క్రితం ఫ్యాక్టరీకి విదేశాల నుంచి కొత్త ఏర్పాటు వచ్చింది. మూడు గదుల్లో చలి ఎంత, తలుపు మూశారా లేదా, మోటారు తిరుగుతోందా లేదా, అన్నీ మేడమీద కంట్రోలు రూములో ఒక పెద్ద బోర్డు చూసుకుంటుంది. ఎక్కడ తేడా వచ్చినా ఒక దీపం మిణుకుమిణుకుమంటుంది, బజరు మోగుతుంది. అక్కడ కూర్చున్న ఆపరేటరు చూసి బొత్తాం నొక్కితే బజరు ఆగి, దీపం నిలకడగా వెలుగుతుంది, తేడా సర్దుకున్నాక ఆరిపోతుంది. గదిలో మనిషి చిక్కుకుపోతే లోపలి గోడమీద గంట స్విచ్చి ఉంది. దానికీ బోర్డులో ఒక దీపం ఉంది, ఒకసారి వెలిగితే ఎవరో వచ్చి సరిచేసేదాకా అది ఆరదు.

"జగ్గయ్య మధ్యాహ్నం రెండున్నరకి రెండో గదిలోకి వెళ్లాడు. ఆరింటికి శవం దొరికింది. అప్పుడు ఆ దీపం మిణుకుమనడం లేదు, నిలకడగా వెలుగుతోంది. అంటే జగ్గయ్య గంట కొట్టాడు, పైన ఎవరో నొక్కారు. పైనున్నది వరహాలు ఒక్కడే. బావ చస్తున్నాడని తెలిసి నోరుమూసుకున్నాడు. పగ ఉంది. తన అప్పని కొట్టాడని అంతకుముందే మద్దిలపాలెం బస్సు డిపోలో అందరిముందూ జగ్గయ్య చెంప పగలగొట్టాడు."

"బాగుంది. మరి జగ్గయ్య తలుపు తోసుకుని ఎందుకు బయటికి రాలేదు?"

శ్రీరామ్మూర్తి మర్యాదగా అందుకున్నాడు. "చూపిస్తాను సార్." రెండో గది తలుపు తెరిచాడు. పొగలాంటి చలి కాళ్లమీద పడింది. తలుపు మందం జానెడు పైనే. దాని మధ్యనుంచి ఒక ఇనప ఊచ లోపలికి వచ్చి ఉంది. "లోపలివాడు ఈ ఊచని తోస్తే బయట గడియ లేస్తుంది. ఎవరూ చిక్కుకోకుండా."

వాళ్లు మాట్లాడుతుండగానే పైన మోటారు గుర్రుమంది. తలుపు దానంతటదే మూసుకోసాగింది.

"ఇదొకటి కొత్త సదుపాయం సార్. రెండు నిమిషాలు తెరిచి వదిలేస్తే అదే మూసుకుంటుంది, చలి పోకుండా," అంటూ శ్రీరామ్మూర్తి లోపలినుంచి ఊచని తోశాడు. గడియ టక్కున లేచింది.

"చూశారా!" అన్నాడు గురునాథరావు. "ఊచ పనిచేస్తోంది. అంటే ఎవరో బయట గడియకి అడ్డం పెట్టారు."

"ఎవరో అంటే వరహాలేనా?"

"ఇంకెవరు?"

"పైన కుర్చీలో కూర్చుని బొత్తాం నొక్కిందీ వరహాలే, కింద గడియకి అడ్డం పెట్టిందీ వరహాలే. వాడికెన్ని చేతులండీ, డిటెక్టివ్ గారూ? నేను కట్టింది రెండే. మిగతావి మీరు తెచ్చారా?"

జవాబు లేనప్పుడు మనిషి వస్తువుల్ని పరీక్షగా చూస్తాడు. గురునాథరావు వంగి ఊచని చూశాడు. తలుపు రేకు ఏడాది వాడకానికి గీతలు పడి నల్లబడింది. ఊచ మాత్రం నిగనిగలాడుతోంది. అది దూరిన కన్నం అంచున గోనె పీచు ఒకటి అతుక్కుని ఉంది. గోరుతో గీకితే మైనం పలుకు ఊడివచ్చింది.

"ఈ ఊచ కొత్తదా?"

"లేదు సార్. తలుపుతోపాటు వచ్చిందే. ఎవరూ ముట్టుకోలేదు," అన్నాడు శ్రీరామ్మూర్తి.

"మైనమేమిటి?"

"కరెంటు పోతే కొవ్వొత్తులు వెలిగిస్తారు కదండీ."

తలుపు మధ్యలో, కన్నంలో కొవ్వొత్తి వెలిగించే మనిషిని గురునాథరావు ఇంతవరకూ చూడలేదు. అయినా ఇప్పుడు అడిగితే నిన్నటి తన కథకే చిల్లు పడుతుంది. ఊరుకున్నాడు.

మొహియుద్దీన్ ఊరుకోలేదు. "మీరు పైకెళ్లి మీ యంత్రంతో మాట్లాడుకోండి. వరహాలు అక్కడే ఉన్నాడు, మా ఎల్లాజీ కాపలా. నేను మూడో గది తలుపు కూడా చూసొస్తా. ఏడాది పాత ఊచ ఎలా ఉంటుందో తెలుస్తుంది."

శ్రీరామ్మూర్తి చేతిలో తాళాలు గలగలమన్నాయి. "అందులో ఇవాళ సరుకు లేదు సార్. ఫ్యాన్లు కూడా వెయ్యలేదు."

"మరీ మంచిది. జుట్టు చెదరదు," అని ఇన్స్పెక్టరు వరండా చివరికి నడిచాడు. గురునాథరావు గడియారం చూసుకున్నాడు. పదకొండూ పది.

మేడమీద కంట్రోలు రూములో వరహాలు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, రెండు చేతులకీ తాడు. తాడు కొస పట్టుకున్న కానిస్టేబులు ఎల్లాజీ గోడకి జారబడి ఉన్నాడు. ఎదురుగా బోర్డు. చిన్న చిన్న దీపాలు, అన్నీ ఒకే సైజు, అన్నీ ఒకే పసుపు రంగు. కింద ఏదో విదేశీ భాష. దానిమీద ఎవరో ఆస్పత్రి ప్లాస్టరు ముక్కలంటించి తెలుగులో రాశారు. సగం చెరిగిపోయాయి. గురునాథరావు బోర్డుకి వీపుపెట్టి ఆపరేటరు కుర్చీలో కూర్చున్నాడు, ముద్దాయి ముఖం తిన్నగా కనపడేలా. ఆయన అడ్డానికి ముద్దాయికీ, కానిస్టేబులుకీ బోర్డు కింది వరసలు మరుగయ్యాయి. శ్రీరామ్మూర్తి బోర్డుకి ఎదురుగా, అంతా కనపడేలా గోడవారన కూర్చున్నాడు.

"వరహాలూ, జగ్గయ్య గంట కొట్టినప్పుడు నువ్వు ఇక్కడ ఉన్నావా?"

"ఉన్నానండి."

"నిద్రపోయావా?"

"నేదండి."

"బొత్తాం నొక్కావా?"

వరహాలు నేలకేసి చూశాడు. "నొక్కీసుంటానండి."

"నొక్కావా, లేదా? 'ఉంటాను' ఏమిటి?"

వెనక బజరు గీపెట్టింది. కత్తి సానబట్టినట్టుంది ఆ చప్పుడు. కట్టిన చేతులు రెండూ వరహాలు ఒళ్లోంచి వాటంతటవే లేచాయి. గాలిలో బోర్డు వైపు సాగి, తాడు బిగిసి, ఆగిపోయాయి. వాటిని ఎవరివో చేతుల్ని చూసినట్టు చూసి అతను ఒళ్లోకి దించుకున్నాడు.

"ఆ ఎర్ర బొత్తాం నొక్కెయ్యండి సార్," అన్నాడు శ్రీరామ్మూర్తి. "ఒకటో గది తలుపు. ఆడవాళ్లు ట్రేలు పెడుతున్నారు. తలుపు కాస్త తెరిచి ఉంటే చాలు, దీనికి ప్రాణం పోతుంది."

గురునాథరావు వెనక్కి తిరిగి చూసి నొక్కాడు. నిశ్శబ్దం. "ఎందుకలా చేతులెత్తావు?"

"అలవాటండి. బొజ్జలున్న ఆసాములు కుర్చీ కనబడితే కూకుండిపోతారు సూడండి, అలాగ."

ఎల్లాజీ నవ్వబోయి, డిటెక్టివ్ గారి బొజ్జ చూసి మానుకున్నాడు.

"రోజుకెన్నిసార్లు మోగుతుంది?"

"ఎవులు లెక్కెడతారండి? అన్నానికి కూకుంటే మోగుతాది, నీల్లు తాగితే మోగుతాది. మొదట్ల లేసి సూసీవోడ్ని. కిందకెల్లి తలుపు సూసొచ్చీవోడ్ని. ఎప్పుడెల్లినా కాశమ్మో, చిలకమ్మో ట్రే ఎట్టుకుని నిలబడుండీవోరు. 'నీకేటి పని నేదేటి బావా' అని నవ్వీవోరు. తరవాత..."

బజరు. గురునాథరావు చెయ్యి వెనక్కి చాపి తడిమి నొక్కాడు. "తరవాత?"

"తరవాత ఎల్లడం మానీసినానండి. ఈ బొత్తాన్ని మావందరం ఊఁ బొత్తాం అంటామండి. ఇంట్లో ఆడోల్లేదో సెప్తంటే మనం ఊఁ అంటాం సూడండి. ఇంటన్నట్టూ ఉండాల, ఇనకుండానూ ఉండాల."

గురునాథరావుకి ఉదయం ఇంట్లో తను అన్న "ఊఁ" గుర్తొచ్చింది. రామలక్ష్మమ్మ ఏం చెప్పిందో మాత్రం గుర్తురాలేదు.

మళ్లీ బజరు. ఈసారి ఆగి ఆగి రెండుసార్లు గట్టిగా మోగింది.

"తలుపు గోలే సార్, నొక్కెయ్యండి," అన్నాడు శ్రీరామ్మూర్తి.

నొక్కాడు. మాటకి అడ్డం వచ్చిన దోమని కొట్టినట్టు కొట్టాడు.

శ్రీరామ్మూర్తి లేచాడు. "మద్రాసు ఓనరుగారికి ఫోను చేసొస్తాను. మీరు కానివ్వండి." మెట్లు దిగిన చప్పుడు వినపడింది.

మేనేజరు వెళ్లాక వరహాలు మొదటిసారి తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మా అప్ప గేటుకాడున్నాదా బాబూ?"

"ఉంది. చంపావో లేదో నోరు తెరిచి చెప్పమంటోంది. ఎందుకు చెప్పవు?"

"ఏటని సెప్పమంటారు? నిద్దరోతే నిద్దరోనానని సెప్పుకుందును. నాను మెలకువగానే ఉన్నాను. కళ్లు తెరుసుకునే ఉన్నాను. మా బావ కింద గంట కొడతంటే నా ఏలు ఎల్లి నొక్కీసింది. నాకు తెలీదు. ఏ మోతకి నొక్కినానో, ఎన్నో మోతకి నొక్కినానో. ఆరింటికి ఆయన్ని మోసుకొస్తంటే బోర్డు సూసినాను. అప్పుడు తెలిసింది." కట్టిన చేతులతోనే ముఖం తుడుచుకున్నాడు. "సంపీసినానని సెప్తే కోపంమీద సేసీసినాడనుకుంటాది మా అప్ప. కోపమైతే మనిసికుంటాది, ఎప్పటికో మరిసిపోతాది. ఆయన సచ్చిపోతంటే ఊఁ కొట్టీసినానని సెప్తే? ఇంక నా మొకం సూత్తాదా? అందికే ఏటీ అనకుండా కూకున్నాను. మీరు హత్యంటే హత్యే."

గురునాథరావుకి నిన్నటి సంగతి గుర్తొచ్చింది. నిన్న ఇదే మనిషి ఇదే మాట అన్నాడు: నొక్కీసుంటానండి. అది తప్పించుకోవడమని తను పేపరువాళ్లకి నవ్వుతూ చెప్పాడు. ఆ దీపం చెప్పింది ఒక్కటే, ఒక వేలు నొక్కిందని. ఆ వేలి వెనక మనసుందని చెప్పింది తను.

"వరహాలూ, గడియకి అడ్డం ఎవరు పెట్టారు? ఊచ తోస్తే తలుపు తెరుచుకుంటుంది కదా?"

"ఏ ఊచండి?"

"తలుపులో ఊచ. లోపలినుంచి తోసేది."

వరహాలు అయోమయంగా చూశాడు. "ఆటిని ఏసంకాలంలోనే పీకించీసినారు గదండీ! కన్నాల్లోంచి సలి పోతందని, బజరు ఊరికే మోగతందని మేనేజరుగారే పీకించీసినారు. గోని కుక్కి మైనం పోయించినారు. మోత సగం తగ్గింది. పీకింది మా బావే. ఊచల్ని ఇంటికట్టుకెల్లి మంచం కిందెట్టినాడు, ఎప్పుడైనా అడుగుతారని."

మైనం. గోనె పీచు. మంచం కింద ఇనప సామాను. పొద్దున్న గేటు దగ్గర అసిరమ్మ అంతా చెప్పింది. తను "ఊఁ" అన్నాడు.

"రెండో గదికి ఊచ ఉంది. ఇప్పుడే చూశాను," అన్నాడు నెమ్మదిగా.

"అయితే మా బావ పోయినాక ఎవులో ఎట్టినారండి."

"ఎన్ని గదులకి పీకారు?"

"మూడింటికీనండి."

మూడింటికీ. శవం దొరికిన గదికి మాత్రం మళ్లీ పెట్టారు. మిగతా తలుపుల్ని ఎవరు చూస్తారులే అనుకుని ఉంటారు. కానీ చూడ్డానికి ఒకాయన వెళ్లాడు.

గురునాథరావు కుర్చీ తిప్పాడు. బోర్డు మీద ఒకటో గది దీపాలు ఆరిపోయి ఉన్నాయి. అట్టడుగు వరసలో, చివర, ఒక్క దీపం వెలుగుతోంది. మిణుకుమనడం లేదు. నిలకడగా, బుద్ధిగా వెలుగుతోంది. కింద చెరిగిన ప్లాస్టరు మీద అక్షరాలు: గది 3. లోపల మనిషి.

గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది.

"ఎల్లాజీ!" అని అరిచాడు, అరిచేసరికే మెట్లమీద ఉన్నాడు. వెనక తాడుతో సహా వరహాలు, తాడు కొస పట్టుకుని ఎల్లాజీ దూకుతూ వచ్చారు.

మూడో గది ముందు నరపురుగు లేదు. బయట గడియ లాగడానికి ముగ్గురి బలమూ కావలసివచ్చింది. తలుపు లోపలివైపు, ఊచ ఉండాల్సిన చోట, మైనం పూసిన గోనె ముక్క. దాన్ని ఎవరో గోళ్లతో సగం పెకలించారు. గోనెమీద రక్తం.

మొహియుద్దీన్ గుమ్మం పక్కనే ముడుచుకుని పడున్నాడు. మీసం తెల్లబడిపోయింది. నలుగురు మొయ్యాల్సిన మనిషిని ముగ్గురూ ఎండలోకి ఈడ్చారు. ఫ్యాన్లు వెయ్యకపోవడమే ఆయన్ని బతికించింది. కప్పడానికి ఏదైనా దొరుకుతుందేమోనని గురునాథరావు పొద్దుట్నించీ భుజానికి వేలాడుతున్న చేతిసంచి బోర్లించాడు. ఊలు స్వెట్టరు, మంకీ క్యాపు జారిపడ్డాయి. ఉదయం రామలక్ష్మమ్మ ఏం చెప్పిందో అప్పుడు తెలిసింది: ఆ చలి గదుల్లోకి వెళ్తున్నారు, స్వెట్టరు పెడుతున్నాను.

స్వెట్టరు చుట్టి, టోపీ పెట్టి, చేతులు రుద్దారు. కాసేపటికి ఇన్స్పెక్టరు పళ్లు టకటకలాడాయి. అది బతికున్న చప్పుడు.

"గం... గంట కొట్టాను," అన్నాడు. "ఆపి ఆపి రెండుసార్లు. పైన ఎవ... ఎవరున్నారు?"

వరహాలు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. తనకి బాగా తెలిసిన సిగ్గుని ఇంకొకరి ముఖంలో చూడలేక తిప్పుకున్నాడని గురునాథరావుకి అర్థమైంది. అరిచి తిట్టినా ఇంత బరువుగా ఉండేది కాదు.

"నేనున్నాను," అన్నాడు.

"దీపం చూ... చూడలేదా?"

"లేదు."

"మరి నొక్కిందెవరు?"

"నేనే," అని ఆగాడు. ఏ మోతకి నొక్కాడు? ఎన్నో మోతకి? అబద్ధం కాకుండా చెప్పగల మాట ఒక్కటే మిగిలింది. అది నిన్న ఆయన నవ్విన మాట. "నొక్కేసి ఉంటాను."

మొహియుద్దీన్ ఆయన్ని చూశాడు. మంకీ క్యాపులోంచి చూస్తున్నా ఆ చూపు పోలీసు చూపే.

"నాలుగింటికి కోర్టులో... ఇదే మాట చెబుతారా? వీడిమీద ఉన్న సాక్ష్యం ఆ దీపం ఒక్కటే. దాన్ని మీరే ఆర్పాలి. పేపరువాళ్లుంటారు. ఈసారీ ఫొటో వేస్తారు."

"చెబుతాను," అన్నాడు గురునాథరావు.

"బోర్డుకి ఎదురుగా ఇంకెవరైనా ఉన్నారా?"

అప్పుడు తట్టింది. తను వీపు పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా కూర్చున్నవాడు ఒకడున్నాడు. మొహియుద్దీన్ ఎక్కడికి వెళ్లాడో వాడు విన్నాడు. దీపం మిణుకుమనడం చూశాడు. తలుపు గోలే సార్, నొక్కెయ్యండి. జగ్గయ్య చావుకి వాడు కారణమైంది మైనంతో. ఇన్స్పెక్టర్ని చంపడానికి మాత్రం గురునాథరావు వేలు అరువు తెచ్చుకున్నాడు.

"ఎల్లాజీ, మేనేజర్ని పట్టుకో!"

కానిస్టేబులు గేటు దాకా పరిగెత్తి, ఒగరుస్తూ తిరిగొచ్చాడు. "జీపు ఎలిపోయిందండి. మేనేజరుగారే తోలుకెల్లినారంట."

"ఒక్కడేనా?"

ఎల్లాజీ వరహాలు వైపు చూడలేకపోయాడు. "అసిరమ్మని ఎక్కించుకున్నారంటండి. ఇంటికాడ మిగిలిన సామాను సూపిత్తే తమ్ముణ్ని విడిపిత్తానన్నారంట."

మంచం కింద ఇంకా రెండు ఊచలున్నాయి. మూడోదాన్ని మేనేజరే మోసుకెళ్లాడని చెప్పగలిగిన నోరు ఒక్కటే ఉంది, అసిరమ్మది.

వరహాలు కట్టిన చేతులు రెండూ ముందుకి చాపాడు. ఈసారి అవి వాటంతటవి లేవలేదు. అతనే ఎత్తాడు.

"తాడిప్పండి బాబూ. మా ఇల్లు నాకు తెలుసు."

గురునాథరావు ఇన్స్పెక్టరు వైపు చూడకుండానే ముడి విప్పాడు. ఎల్లాజీతో కలిసి ముగ్గురూ గేటువైపు పరిగెత్తారు. వెనక మేడమీద బజరు మళ్లీ మొదలైంది. ఊఁ కొట్టడానికి అక్కడ ఎవరూ లేరు. అది మోగుతూనే ఉంది.